పదకొండు తప్పులు

పాత పంపావాళ్ళ సంఘం కార్యదర్శి దోన్ ఇలారియో నన్ను ఒక పేజీ రాయమన్నాడు. పంపా అంటే చిలీ ఉత్తరాన మా ఎడారి. అక్కడి మా సురేకారం గనిలో బడి నడిపిన పంతులమ్మ, దోన్యా ఎదువిహిస్ అరాయా గురించి రాయాలట. "ఎక్కడ పుట్టింది, ఎన్నేళ్ళు చదువు చెప్పింది, ఎంత మంచి మనిషి, అంతే క్లోరిందా. ఏటా కలుసుకునే రోజున చదివి వినిపిస్తాం, తర్వాత అచ్చు వేయిస్తాం," అన్నాడు. పోయినవాళ్ళందరినీ మంచివాళ్ళను చేసి అచ్చు వేయడం ఆ సంఘానికి అలవాటు. నాకు ఆ విద్య రాదు. ఆవిడ మీద నాకు ముప్ఫై మూడేళ్ళ కోపం ఉంది. ఆవిడ చేత ఆ పని చేయించినవాళ్ళ మీద అంతకన్నా ఎక్కువ ఉంది. రెండూ కలిపి రాస్తున్నాను. వినలేనివాళ్ళు ఆ కాసేపు బయటికి వెళ్ళి టీ తాగి రండి.

ఎదువిహిస్ దక్షిణాన ఒవాయే కొండల్లో కంచరగాడిదలు తోలుకునేవాడి కూతురు. 1899లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఒక రేకు పెట్టెతో మా సాన్ పాన్‌క్రాసియో గని దగ్గర రైలు దిగింది. అంతకు ముందు వచ్చిన పంతుళ్ళు ముగ్గురూ ఏడాది తిరగకుండా పారిపోయారు. పారిపోరా మరి? పచ్చని ఆకన్నది కంటికి కనబడదు. నీళ్ళు బండి మీద రావాలి. బడి అంటే నాలుగు జింకు రేకులు, మధ్యాహ్నానికి పెనంలా కాలేవి. ఈవిడ మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళు ఉంది.

పెళ్ళి చేసుకోలేదు. బాయిలర్ల దగ్గర పనిచేసే మెకానిక్ ఒకతను, మనిషి మంచివాడే, తనను పెళ్ళాడమని ఆవిడకు ఉత్తరం రాశాడు. ఆవిడ అందులో తప్పులన్నీ ఎర్ర సిరాతో దిద్ది, అడుగున తప్పుల సంఖ్య వేసి వెనక్కి పంపింది. పాపం అతను మళ్ళీ శుభ్రంగా రాసి పంపాడు. అదీ దిద్ది పంపింది. మూడోసారి అతను రాయలేదు, రెండేళ్ళ తర్వాత ఇంకొకామెను పెళ్ళి చేసుకున్నాడు. గనిలో అందరూ ఇది చెప్పుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఎర్ర సిరా కనబడితే ఆ మనిషి చెయ్యి ఆగదని అప్పుడే అర్థం కావలసింది.

ఏటా మార్చిలో బడి తెరిచిన రోజున ఆవిడ ఒకటే కథ చెప్పేది. "పిల్లలూ, స్పెయిన్ రాజు మన నెత్తి మీద ఉన్నన్నాళ్ళూ ఆయన అక్షరాలు కూడా ఉన్నాయి. రాజుని గెంటేశాం. అక్షరాలు మాత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాయి. ఒకే శబ్దానికి రెండేసి, మూడేసి అక్షరాలు! అప్పుడు శాంతియాగోలో పెద్ద చదువు చదివిన ఒకాయన లేచి, ఒక శబ్దానికి ఒకే అక్షరం చాలన్నాడు. మన చిలీ విన్నది. మాద్రిద్‌లో పండితులు మూతి ముడుచుకున్నారు. ముడుచుకోనీ. మీరు మాత్రం వినపడేది రాయండి, వినపడనిది రాయకండి."

మా తమ్ముడు అబ్దోన్ నోరు ఊరుకోదు. "మరి ఆ మూగ అక్షరాన్ని ఎందుకుంచారు పంతులమ్మా? అది వినపడదు కదా?"

"దాన్ని గెంటేసే లోపే ఆయన పోయాడురా. కూర్చో."

దీన్ని ఈనాటివాళ్ళు వేళాకోళం చేస్తారు, చదువురాని రాత అంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. గనిలో పిల్లవాడు బడికి వచ్చేది మూడేళ్ళో నాలుగేళ్ళో. తర్వాత వాడి చేతికి సుత్తో పారో వస్తుంది. ఆ నాలుగేళ్ళలో చెవిని నమ్ముకుని రాయడం నేర్చుకుంటే, వాడు బతికినన్నాళ్ళూ ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా ఉత్తరం రాసుకోగలడు. "హ శబ్దానికి ఇక్కడ ఈ అక్షరం కాదు, ఆ అక్షరం" అని బట్టీ పట్టడానికి పదేళ్ళు ఖాళీగా కూర్చునే పిల్లలు శాంతియాగో మేడల్లో ఉంటారు, మా కూలీల ఇళ్ళ వరసల్లో ఉండరు. దోన్యా ఎదువిహిస్‌కు ఇది తెలుసు. అందుకే ఆవిడంటే మాకు ఎంత భయమో అంత ప్రాణం.

ఇక డిక్టేషన్ పుస్తకాల సంగతి. ప్రతి డిసెంబరులో, సెలవులకు ముందు, ఆవిడ పెద్ద డిక్టేషన్ చెప్పేది. నాలుగు వాక్యాలు ఆవిడవి, ఎప్పుడూ మా సంగతులే: నీళ్ళ బండి గురించి, గాలి గురించి, మధ్యాహ్నం సైరన్ గురించి. అయిదో వాక్యం ఎవరిది వాళ్ళది. అందరూ మంచి కాగితం మీద సిరాతో రాయాలి. ఒక్క తప్పూ లేనివాళ్ళకు నీలం రిబ్బను ముక్క ఇచ్చేది. ఆ కాగితాలన్నీ కలిపి కుట్టి, సురేకారం సంచి గుడ్డతో అట్ట వేసి, బీరువాలో పెట్టేది. ఏడాదికి ఒక పుస్తకం. పెళ్ళయిన ఆడవాళ్ళు కూడా వచ్చి తమ పేజీ తీసి చూసుకుని మురిసిపోయేవాళ్ళు.

అబ్దోన్ పదేళ్ళప్పుడు, 1919లో, నీలం రిబ్బను తెచ్చుకున్నాడు. వాడి అయిదో వాక్యం ఇది: "మొత్తం పంపాలో మా అమ్మ రొట్టె లాంటి రొట్టె లేదు, కానీ ఉప్పు ఎక్కువ."

వాడికి పదహారేళ్ళప్పుడు, సురేకారం మరిగే తొట్టె మీద వేసిన పలక విరిగి అందులో పడిపోయాడు. అంతకన్నా రాయను. పూడ్చడానికి మాకు ఏమీ దొరకలేదు. మా శ్మశానంలో పూలు పూయవు కాబట్టి కాగితం పూలు కట్టి శిలువలకు వేస్తాం. మా అమ్మ త్రాన్సితో పూలైతే కట్టింది కానీ, ఉత్త మట్టి మీద వేయడానికి ఆవిడకు మనసు రాలేదు. ఒక ఆదివారం, గనివాళ్ళకు అమ్మే రొట్టెలు కాల్చడం అయిపోయాక, పిండి చేతులు కడుక్కుని, "బడికి పోదాం పద," అంది. పంతులమ్మ మాట్లాడకుండా 1919 పుస్తకం తీసి ఇచ్చింది. అమ్మకు చదువు రాదు. నేను చదువుతుంటే అక్షరాల మీద వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్ళింది. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి, "దొంగ వెధవ!" అని నవ్వింది. వాడు పోయాక అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే. మా అమ్మకు కొడుకు సమాధి ఆ పేజీయే. రొట్టెలో ఉప్పు మాత్రం తగ్గించలేదు. ఎవరైనా అడిగితే, "మా వాడికి తెలిసిన రొట్టె ఇదే," అనేది.

1927లో శాంతియాగో నుంచి ప్రభుత్వ ఆజ్ఞ వచ్చింది. అక్టోబరు పన్నెండు నుంచి బడులన్నింటిలో, కచేరీలన్నింటిలో స్పెయిన్ పండితుల రాతే రాయాలి. ఎనభై ఏళ్ళు మేం రాసింది ఒక్క కాగితం ముక్కతో తప్పయిపోయింది. ఒక మాటలో హకారానికి ఒక అక్షరమట, ఇంకో మాటలో ఇంకోటట. ఎందుకయ్యా అంటే, లాటిన్‌లో అలా ఉందట. సురేకారం తవ్వేవాడి కొడుక్కి లాటిన్ ఎవడు నేర్పాడు? ఆవిడ పేరు కూడా మారిపోయింది. తన పేరు మధ్యలో తల్లిదండ్రులు పెట్టని అక్షరం ఒకటి పెట్టుకుని ఆవిడ హాజరు పట్టీలో సంతకం చేయాల్సి వచ్చింది.

ఆ ఆజ్ఞ వెనకాలే తనిఖీ అధికారి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పాత రాతకు సంబంధించినది ఏదీ తరగతి గదిలో ఉండరాదు, ఫలానా గురువారం వచ్చి చూస్తాను అని. మూడు రోజులు పంతులమ్మ పిల్లలతో పాఠం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి బడి వదిలాక తలుపు గడియ పెట్టుకోసాగింది. రెండు వారాలు అలాగే చేసింది. ఆదివారాలు కూడా "పని ఉంది, తర్వాత రండి" అని తలుపు సందులోంచి చెప్పి పంపేసింది. ఈ వయసులో కొత్త రాత నేర్చుకుంటోంది కాబోలు, పాపం, అనుకున్నాం.

మూడో ఆదివారం మమ్మల్ని లోపలికి రానిచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వేళ్ళు అంతకన్నా ఎర్రగా ఉన్నాయి. అమ్మ తనకు అలవాటైన బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. పేజీ నిండా ఎర్ర గీతలు. అబ్దోన్ అక్షరాల మీద కొట్టివేతలు, వాటి పైన పంతులమ్మ అక్షరాలు.

"ఇదేంటే ఈ ఎరుపు?" అంది అమ్మ.

నేను పేజీ తిప్పెయ్యబోయాను.

"నిన్నే అడిగేది. వీడు తప్పులు రాశాడా?"

"లేదమ్మా."

"మరి తప్పు రాస్తేనే కదే ఎర్ర సిరా? నీ కాగితాల మీద చూళ్ళేదా నేను? ఒక్క తప్పూ లేదని వీడికి రిబ్బనిచ్చింది కదా. నేనే కదా చొక్కాకి కుట్టాను."

అమ్మకు అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు. పేజీ అడుగున ఎర్రగా ఉన్న అంకె మీద వేలు పెట్టింది. "ఇది పదకొండు," అంది.

నేను పంతులమ్మ మీదికి వెళ్ళాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. అంతవరకు ఆవిడ ముందు గొంతు పెంచి ఎరగను.

"ఎవరిచ్చారండీ మీకీ హక్కు?"

"గొంతు తగ్గించు క్లోరిందా. ఇది బడి."

"బడా? మా అమ్మకి ఇది శ్మశానం! చచ్చిపోయినవాడి కాగితం దిద్దుతారా మీరు? సిగ్గు లేదూ?"

"అలాగే ఉంచితే ఆ వచ్చేవాడు బండికెత్తుకుపోయి తగలబెడతాడు. అప్పుడేం చూసుకుంటుంది మీ అమ్మ? దిద్దేస్తే ఇక పేరు పెట్టడానికి ఏముంటుంది? తొమ్మిది వందల కాగితాలు దిద్దాను, చూడు నా వేళ్ళు! నా పిల్లలు తప్పులు రాశారని వాడెవడో నా బడిలో నిలబడి అనకూడదు."

"వాడు అనకూడదని మీరే అన్నారా? ఆ పదకొండు ఏంటి?"

ఆవిడ వంగి చూసింది. అంకె వేసినట్టు ఆవిడకే గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు, నేను ఆ మొహం చూశాను. గబగబా ఇంకో పేజీ తిప్పింది. తొమ్మిది. ఇంకోటి. పద్నాలుగు. అన్నింటి అడుగునా ఉన్నాయి.

"చెయ్యి... చెయ్యే వేసేసింది," అంది.

ఇరవై ఎనిమిదేళ్ళు దిద్దిన చెయ్యి. తప్పును ఎర్ర సిరాతో దిద్దితే మంచిదైపోతుందని నమ్మిన మనిషి. ఒక పుస్తకాన్ని కాపాడాలంటే దాచిపెట్టొచ్చు, ఎవరింటికైనా పంపొచ్చు, మా అమ్మ పిండి డబ్బాలో పెట్టినా ఎవడూ వెతకడు. ఆవిడకు ఇవేవీ తట్టలేదు, దిద్దడం ఒక్కటే తట్టింది. ఇప్పుడు తలుచుకుంటే జాలి వేస్తుంది. ఆ రోజు మాత్రం ఆ సిరా బుడ్డి తీసి నెత్తిన పగలగొట్టాలనిపించింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఆ వారమంతా రొట్టెల్లో ఉప్పు లేదు. అమ్మ దగ్గర రొట్టెలు కొనుక్కునే బ్రహ్మచారుల వరసలో గోల చేశారు, అమ్మ వినిపించుకోలేదు.

గురువారం తనిఖీ అధికారి వచ్చే వేళకు మేం ఎనిమిది మంది ఆడవాళ్ళం బడిలో బీరువా ముందు నిలబడ్డాం. పంతులమ్మతో మాకు మాటల్లేవు. అయినా పుస్తకాలు మావి, ఎలా ఉన్నా మావే. మా పక్కింటి దియోనీసియా రొట్టెలు వత్తే కర్ర పట్టుకుని మరీ వచ్చింది.

బండి దిగినవాడిని చూస్తే ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. గట్టి కాలరు, చెమటలు. పాఠ్యపుస్తకాలు చూశాడు, గోడ మీది అక్షరాల పటం చూశాడు, తల ఊపాడు. తర్వాత మావైపు తిరిగాడు.

"వీళ్ళెవరు? ఈ బీరువాలో ఏముంది?"

"పిల్లల పాత డిక్టేషన్లు," అంది పంతులమ్మ.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది నాయనా," అంది దియోనీసియా.

అతను నవ్వాడు. "అమ్మా, అవెందుకు నాకు? ఆజ్ఞ ఇకనుంచి రాసేదానికి. పాత కాగితాల జోలికి ఎవరు వెళ్ళమన్నారు? నేను రాసింది పాఠ్యపుస్తకాల గురించి."

పంతులమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఒక్క ముక్క, ఆ ఒక్క ముక్క ఉత్తరంలో రాసి ఉంటే! వాడికి ఇంకో వాక్యం రాయడం బరువైంది. మా తొమ్మిది వందల పేజీలు పోయాయి. కొత్త రాతలో ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశాడు ఆ ఉత్తరం, దానికి అర్థం మాత్రం లేకుండా రాశాడు.

అంతటితో వెళ్ళిపోయినా బాగుండేది. అతను ఊరికే ఒక పుస్తకం తీసి తిప్పాడు. "అయ్యో, ఇవన్నీ దిద్దారా? పాతవి కూడా? ఇంత శ్రద్ధ నేనెక్కడా చూళ్ళేదు సెన్యోరీతా! పైవాళ్ళకి మీ గురించి తప్పకుండా రాస్తాను."

అప్పుడు మా అమ్మ ముందుకు వెళ్ళింది. 1919 పుస్తకం తీసింది. ఆ పేజీ కోసం ఆవిడ వెతుక్కోనక్కర్లేదు, అది దానంతటదే తెరుచుకునేది.

"అయ్యా, మీరు చదువుకున్నారు. చూసి చెప్పండి. మా వాడు పదకొండు తప్పులు రాశాడా?"

అతను చదివాడు. ఉప్పు దగ్గర కొంచెం నవ్వాడు. "ఇప్పటి పద్ధతిలో అయితే అవునమ్మా, పదకొండే. కంగారేం లేదు. కుర్రాణ్ణి బడికి పంపండి, నెల రోజుల్లో అదే వచ్చేస్తుంది."

దియోనీసియా చేతిలోని కర్ర దించేసింది. తనేదో అనకూడనిది అన్నానని అతనికి తెలిసింది కానీ, ఏమిటో తెలియలేదు. మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు.

పంతులమ్మ వచ్చి అమ్మ చేతిలోంచి పుస్తకం తీసుకుంది. నల్ల సిరాలో కలం ముంచింది. పదకొండు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన సున్నా వేసింది. "తప్పుల్లేవు" అని రాసింది. కింద సంతకం చేసింది, పాత రాతలో, తల్లిదండ్రులు పెట్టిన పేరు పెట్టినట్టు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడతను.

"తప్పు దిద్దుతున్నాను."

"ఆ సంతకం ఇక చెల్లదు సెన్యోరీతా. ఆజ్ఞ మీకు తెలుసు కదా?"

"తెలుసు. మీరు పైవాళ్ళకి రాస్తానన్నారుగా, ఇది కూడా రాయండి."

అతను రాశాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకునే రకం. డిసెంబరులో ఉత్తరం వచ్చింది, ఆరోగ్యం బాగా లేనందువల్ల దోన్యా ఎదువిహిస్‌కు విశ్రాంతి ఇస్తున్నామని. ఆవిడకు జలుబు చేయడం కూడా నేనెప్పుడూ చూడలేదు. వెళ్ళేలోగా తొమ్మిది వందల పేజీల అడుగునా నల్ల సున్నా వేసి సంతకం చేసింది. రైలెక్కే రోజున అమ్మ వేడి రొట్టెలు గుడ్డలో కట్టుకుని స్టేషనుకు వెళ్ళింది, బాగా ఉప్పు వేసినవి. దియోనీసియా వెళ్ళింది. పెళ్ళికి ఉత్తరం రాసిన మెకానిక్ కూడా వెళ్ళి ఆవిడ రేకు పెట్టె మోశాడట.

నేను వెళ్ళలేదు. సున్నా వేస్తే ఎరుపు పోతుందా అని ఇంట్లో కూర్చున్నాను. ఆవిడ ఒవాయేలో చెల్లెలి ఇంట్లో పద్నాలుగేళ్ళు బతికింది. ఒక ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు అనుకుని రాయలేదు. దిద్ది పంపుతుందని భయం అని అందరితో హాస్యానికి అనేదాన్ని. అది అబద్ధం. కోపం చల్లారిపోతుందేమోనని భయం. అందుకు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

గని 1931లో మూతపడింది. రేకులు ఊడదీసి తుక్కు కింద అమ్మేశారు. ఎవరి పేజీ వాళ్ళు తెచ్చుకున్నాం. అమ్మ పోయినప్పుడు అబ్దోన్ పేజీ ఆవిడ చేతుల కింద పెట్టి పంపాం. ఎరుపు అప్పటికి కొంచెం వెలిసింది, నలుపు వెలవలేదు.

ఇదంతా నేను మొన్న రాసి దోన్ ఇలారియోకు ఇచ్చాను. నాకు ఆవిడ నేర్పిన రాత ఒక్కటే వచ్చు, అందులోనే రాశాను. ఈ ఉదయం కాగితాలు తిరిగి తెచ్చాడు. "చాలా బాగుంది క్లోరిందా, ఏడిపించేశావు. కొంచెం పాత రాత పడింది, అంతే. అచ్చుకి ఇబ్బంది లేకుండా సరి చేసేశాను," అన్నాడు. చూస్తే మొదటి పేజీ నుంచి చివరి దాకా ఎర్ర పెన్సిలు. మొత్తం చదివాడు, ఏడ్చాడు కూడా, అయినా దిద్దాడు!

ఆ కాగితాలు పొయ్యిలో పెట్టి టీకి నీళ్ళు కాచుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఇది అదే. దోన్ ఇలారియో, ఇది నీ చేతిలో ఉంది కాబట్టి చెబుతున్నాను. ఇలాగే అచ్చు వేస్తే వెయ్యి, లేకపోతే తిరిగి ఇచ్చెయ్యి. ఇందులో ఒక్క అక్షరం మీద నీ పెన్సిలు పడిందో, సభలో అందరి ముందూ నీ చెయ్యి పట్టుకుని ఎవరి కాగితం దిద్దావో చెప్పిస్తాను. తప్పుల్లేవు.

క్లోరిందా, అబ్దోన్ అక్క